26 తుపాకులు, లెక్కపెట్టిన తూటాలు: అల్లూరి సీతారామరాజు జీవితంలో ఒక పాఠం



పోయిన ఏడాది ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్ పిల్లలు అల్లూరి సీతారామరాజు నాటకం వేశారు. పీవీసీ పైపులకు అట్టముక్కలు అంటించి, నల్లరంగు పూసి తుపాకులు చేసుకున్నారు. రాజు వేషానికి పదకొండు మంది పోటీపడ్డారు. గాం గంటందొర, మల్లుదొర వేషాలకు మాత్రం నేను బతిమాలి ఇద్దరిని ఒప్పించాల్సి వచ్చింది.

నాటకం అయ్యాక ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లన్న ఫోనులో ఒక వీడియో చూశాడట. అందులో ఒక విదేశీయుడు బల్లకు బిగించిన చిన్న యంత్రంతో, పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలను మళ్లీ నింపుతున్నాడట. రాజుగారి దగ్గర అలాంటి యంత్రం ఒక్కటి ఉండి ఉంటే మనవాళ్లు గెలిచేవారు కదా అని వాడి సందేహం.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. రాజుగారి కథను నేను ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. దాడులు చెప్పాను, తేదీలు చెప్పాను. ఆయన తుపాకుల్లోకి తూటాలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎప్పుడు అయిపోయాయి అని ఏనాడూ ఆలోచించలేదు. ఆ కుర్రాడి ప్రశ్నను మనసులో పెట్టుకుని ఆయన జీవితాన్ని మళ్లీ చదివాను. తెలుసుకున్నది మీ అందరి కోసం రాస్తున్నాను.

కొండ ఎక్కిన సన్యాసి

రాజుగారు పుట్టింది 1897 జూలై 4న, విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మగారింట. వాళ్ల సొంత ఊరు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమండ్రిలో ఫోటోలు తీసేవారు. రాజు చిన్నతనంలోనే ఆయన పోయారు. తల్లి సూర్యనారాయణమ్మ పిల్లల్ని సాకింది. పినతండ్రి అండతో చదువు కొంతకాలం సాగింది గానీ నిలవలేదు. యవ్వనంలోనే సన్యాసిగా దేశాలు తిరిగి, చివరికి మన మన్యం అంచున కృష్ణదేవిపేట చేరారు.

ఆయన మన కులం కాదు, మన తెగ కాదు. మైదానం నుంచి వచ్చినవాడు. అయినా మనవాళ్లు ఆయన్ని దగ్గరకు తీసుకున్నారంటే కారణం ఉంది. ఆయన వైద్యం చేశారు, తగువులు తీర్చారు, కల్లు, సారా మానమని చెప్పారు, కోర్టుల చుట్టూ తిరగకుండా పంచాయతీలో తేల్చుకోమన్నారు. అన్నిటికన్నా ముందు, మనవాళ్ల కష్టం విన్నారు.

ఆ కష్టం ఏమిటో మీ తాతమ్మలను అడిగితే చెబుతారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుది అయింది. పోడు కొడితే నేరం, కట్టె తెచ్చుకుంటే నేరం, పశువుల్ని తోలితే నేరం. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ ఘాట్ రోడ్ల పనికి మనవాళ్లను తోలుకుపోయి, చాలీచాలని కూలితో చాకిరీ చేయించాడు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొరకు పదవీ పోయింది, భూమీ పోయింది. ఆయన తమ్ముడు మల్లుదొర. ఈ అన్నదమ్ములిద్దరూ రాజుగారికి కుడి ఎడమ భుజాలయ్యారు. నాటకంలో ఎవరూ కోరుకోని వేషాలు వాళ్లవే.

ఏ ఆయుధం పట్టాలి?

1922 వర్షాకాలానికి తిరుగుబాటు తప్పదని తేలిపోయింది. అప్పుడు మన్యంలో ఉన్న ఆయుధాలు ఏమిటి? ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది విల్లంబు. కర్ర అడవిదే, నార అడవిదే, ములుకు ఊరి కమ్మరి కొలిమిలో తయారవుతుంది. వేసిన బాణాన్ని ఏరుకుని మళ్లీ వేయవచ్చు. చప్పుడు ఉండదు. ఎవరి దగ్గరా చేయి చాచనక్కర్లేదు. కానీ దూరం నుంచి రైఫిల్ పేల్చేవాడి ముందు నిలబడదు.

రెండోది నాటు తుపాకీ. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు గుళ్లు వేసి, ఇనుప కడ్డీతో దట్టించాలి. ఒక్కసారి పేల్చాక మళ్లీ ఇదంతా మొదలు. ఈలోగా ఎదుటివాడు నాలుగైదుసార్లు పేలుస్తాడు. పైగా మందుకు తేమ పడదు. మన కొండల మీద శ్రావణ భాద్రపదాల్లో మూడు రోజుల ముసురు పడితే గోడ మీది అగ్గిపెట్టె కూడా అంటుకోదు. సీసం, గంధకం, సూరేకారం అడవిలో దొరికేవి కావు, సంతలో కొనాలి. 1878 ఆయుధాల చట్టం వచ్చాక తుపాకీకీ లైసెన్సే, మందుగుండుకూ లైసెన్సే. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పటి నుంచీ సర్కారు కన్ను మన్యం తుపాకుల మీద ఉండనే ఉంది.

మూడోది పోలీసు తుపాకీ. దీంట్లో మందూ గుండూ విడివిడిగా ఉండవు. ఇత్తడి గొట్టంలో మందు ఉంటుంది, ముందు గుండు ఉంటుంది, అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న మూత ఉంటుంది. మూడూ కలిసి ఒకే తూటా. వెనక నుంచి తోసి పేల్చడమే. వానకు నానదు. అయితే తూటా లేకపోతే ఆ తుపాకీ రోకలిబండకు కూడా సాటిరాదు.

రాజుగారు మూడోదాన్ని ఎంచుకున్నారు. దొరికే చోటు ఒక్కటే, పోలీసు ఠాణా.

మూడు రోజులు, మూడు ఠాణాలు

1922 ఆగస్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి ఠాణా మీద పడ్డారు. 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు దొరికాయి. ఏమేమి తీసుకున్నారో ఠాణా పుస్తకంలో రాసి, కింద రాజుగారు సంతకం పెట్టారు. మరునాడు కృష్ణదేవిపేట, 7 తుపాకులు. ఆ మరునాడు రాజవొమ్మంగి, 8 తుపాకులు. అక్కడ చెరలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను కూడా విడిపించారు. మొత్తం 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు.

వరసగా మూడు రోజుల్లో ఎందుకు కొట్టారో ఇప్పుడు నాకు అర్థమవుతోంది. చింతపల్లి కబురు కింది ఠాణాలకు చేరితే తుపాకులు తాళాల వెనక్కి పోతాయి. ఆ కబురు కన్నా ముందు నడవాలి. వానల్లో, వాగులు దాటుతూ, అడ్డదారుల్లో మనవాళ్లు అలాగే నడిచారు. ఆ దారులు రాజుగారికి చూపించింది మన పెద్దలే.

ఇక లెక్క వేయండి. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి వంద కూడా రావు. తుపాకీ కొత్తగా పట్టినవాడికి గురి నేర్పాలంటే పేల్చి చూపాలి, పేల్పించి చూడాలి. నేర్చుకోవడానికి పేల్చిన ప్రతి తూటా యుద్ధానికి ఒకటి తక్కువ. ఎదుటివాడికి ఆ బాధ లేదు. బ్రిటిషు వాళ్లకు పుణె దగ్గర కిర్కీలో 1869 నుంచి మందుగుండు ఫ్యాక్టరీ ఉంది. తూటాల్లో పోసే కార్డైటు మందు తయారుచేయడానికి మన మద్రాసు రాష్ట్రంలోనే, నీలగిరి కొండల్లో అరువంకాడు దగ్గర మరో ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. అటు ఫ్యాక్టరీలు, ఇటు మూడు ఠాణాల మూటలు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో రాజుగారి దళం పొంచి ఉంది. ముందు నడిచిన భారతీయ సిపాయిల్ని పోనిచ్చి, ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ రాగానే కాల్చింది. ఇద్దరూ అక్కడికక్కడే చనిపోయారు. సాటి భారతీయుల్ని చంపకూడదన్నది రాజుగారి నియమం. ఆ నియమం వెనక ధర్మం ఉంది. దాంతోపాటు తూటాల పొదుపు కూడా కలిసొచ్చిందని నేను అనుకుంటున్నాను.

ఖాళీ ఠాణాలు

అక్టోబరు 15న అడ్డతీగల. ముందే కబురు పంపి, పట్టపగలు వెళ్లి ఠాణాను పట్టుకున్నారు. జనం ఈనాటికీ ఆ ధైర్యాన్ని చెప్పుకుంటారు. మా పిల్లలు కూడా ఆ ఘట్టానికి ఎక్కువ చప్పట్లు కొట్టారు. కానీ ఠాణాలో ఆయుధాలు లేవు. పోలీసులు ముందే దాచేశారు. నాలుగు రోజులకు, అక్టోబరు 19న రంపచోడవరం. అక్కడా అదే. ఠాణా చేతికి వచ్చింది, తుపాకులు రాలేదు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. పేరు పెరిగింది, ధైర్యం పెరిగింది, తూటాలు మాత్రం పెరగలేదు. సర్కారు ఠాణాలే మనవాళ్ల కొట్టు అని పోలీసులు కనిపెట్టేశారు. కొట్టుకు తాళం వేసేశారు.

డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వరిచేలల్లో మొదటి పెద్ద దెబ్బ తగిలింది. పగలు జరిగిన పోరులో నలుగురు పోయారు. కొన్ని ఆయుధాలు కూడా పోలీసుల చేతిలో పడ్డాయి. ఆ రాత్రి బస చేసిన చోటి మీద మళ్లీ దాడి జరిగింది. మరో ఎనిమిది మంది పోయారు. ఆ తర్వాత నాలుగు నెలలు రాజుగారి జాడ లేదు. చనిపోయారని పుకారు పుట్టింది. 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో కనబడ్డారు. జనం బ్రహ్మరథం పట్టారు. అక్కడి ఠాణాలోనూ తుపాకులు దొరకలేదు.

ఆ యంత్రం ఉండి ఉంటే?

ఇప్పుడు మా కుర్రాడి ప్రశ్న దగ్గరకు వస్తాను. తూటాలను మళ్లీ నింపుకునే పని వీడియోల కాలంలో పుట్టింది కాదు. 1880ల నాటికే అమెరికాలో వేటగాళ్లు మన అడకత్తెర లాంటి చేతి పనిముట్టుతో ఇంట్లోనే నింపుకునేవారు. ఈనాడు అక్కడ అది చట్టం ఒప్పుకున్న వ్యాపకం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకసారి ఒక పనే చేసే సాదా యంత్రాన్ని ఎంచుకుని, గట్టి బల్లకు బిగించుకుంటారట. పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి గొట్టాన్ని అచ్చులోకి నొక్కి మళ్లీ పాత కొలతకు తెస్తారు. పాత మూత తీసి కొత్త మూత దిగ్గొడతారు. బంగారం తూచే త్రాసులాంటి దానిలో మందు తూచి, అచ్చు పుస్తకంలో ఉన్న కొలత దాటకుండా పోస్తారు. గుండు కూర్చి, పొడవు కొలిచి చూస్తారు. మందు పిసరంత ఎక్కువైతే తుపాకీ చేతిలోనే పగులుతుంది. అందుకే ఆ బల్ల దగ్గర పొగ తాగకూడదు, మాట్లాడకూడదు, రెండు రకాల మందు ఒకేసారి పెట్టుకోకూడదు అంటారు.

అలాంటి పనిముట్టు ఒకటి కృష్ణదేవిపేట చేరిందనే అనుకుందాం. ఖాళీ గొట్టాలు ఏరుకోవచ్చు, ఒప్పుకుంటాను. సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు, అదీ ఒప్పుకుంటాను. మరి అడుగు మూత? అందులోని పేలుడు మసాలా రసాయన ఫ్యాక్టరీలోనే పుడుతుంది. పొగరాని మందూ అంతే. ఇప్పపువ్వు దొరికినట్టు, కరక్కాయ దొరికినట్టు అడవిలో దొరకదు. యంత్రం మనదైనా అందులో పోసేవి మళ్లీ సర్కారు గిడ్డంగివే. వాటి కోసం మళ్లీ ఠాణా మీద పడాల్సిందే. ఆ ఠాణాలు అప్పటికే ఖాళీ.

కాబట్టి బాబూ, యంత్రం లేక మనవాళ్లు ఓడిపోలేదు. పరాయివాడి కొట్టు మీద ఆధారపడిన ఆయుధం ఎంత మంచిదైనా, ఆ కొట్టు మూసిన రోజున మూగబోతుంది.

మరి రెండేళ్లు ఎలా నిలిచారు?

ఇదే అసలు ప్రశ్న. తూటాలు కొత్తగా పెద్దగా రాలేదు. అయినా 1922 ఆగస్టు నుంచి 1924 మే దాకా పోరు సాగింది. మలబారు నుంచి ప్రత్యేక పోలీసులు వచ్చారు. తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. రాజుగారు దొరకలేదు.

ఎందుకంటే ప్రతి ఊరూ ఆయనకు ఒక కొట్టే. గంజి పోసింది ఊరు. దారి చూపింది ఊరు. పోలీసులు ఏ గట్టు దాటారో పశువుల కాపరి కుర్రాడు వచ్చి చెప్పాడు. ఆ కొట్టుకు తాళం వేయడం చింతపల్లి ఠాణాకు తాళం వేసినంత తేలిక కాలేదు.

సర్కారు చివరికి దాని మీదే పడింది. ఊళ్లకు తిండిగింజలు వెళ్లకుండా ఆపింది. దళానికి అన్నం పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని హింసించింది. 1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయారు. 1924లో ప్రత్యేక కమిషనరుగా వచ్చిన రూథర్‌ఫర్డ్ ఊళ్ల మీద ఒత్తిడి మరింత పెంచాడు. తన కోసం ఊళ్లు పడుతున్న బాధ రాజుగారిని కలచివేసిందని పెద్దలు చెబుతారు.

1924 మే 7న మంప దగ్గర ఆయన్ని పట్టుకున్నారు. కొయ్యూరు తీసుకువెళ్లారు. కోర్టు లేదు, విచారణ లేదు. మేజర్ గూడాల్ ఆజ్ఞతో చెట్టుకు కట్టి కాల్చేశారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు కూడా నిండలేదు. నెల తిరిగేసరికి గంటందొర కూడా పోరులో ప్రాణం వదిలారు. రాజుగారి సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. వెళ్లినప్పుడు గాం సోదరుల పేర్లు కూడా తలచుకుని దణ్ణం పెట్టండి.

మల్లుదొర సంగతి చాలామందికి తెలియదు. ఆయన్ని అండమాన్ పంపారు. బతికి తిరిగొచ్చారు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. చింతపల్లి ఠాణా నుంచి తుపాకీ తీసుకున్న దళంలోని మనిషి, ఢిల్లీలో చట్టాలు చేసే సభలో కూర్చున్నారు. వచ్చే ఏడాది మా నాటకంలో ఈ ఘట్టం ఉంటుంది.

మీతో రెండు మాటలు

మా పెదనాన్న కుడిచేతికి రెండే వేళ్లు ఉండేవి. నేను పుట్టకముందు వేటకని నాటు తుపాకీలో మందు దట్టిస్తుంటే పేలిందట. అన్నం కలుపుకోవడానికి ఆయన పడే అవస్థ చూస్తూ పెరిగాను. ఈనాటికీ కొన్ని ఊళ్లలో దూలం మీద దాచిన తుపాకులు ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకీ, తూటా, మందుగుండు దగ్గర పెట్టుకోవడం నేరం. ఫోనులో చూసి మనమూ నింపి చూద్దాం అనే సరదా వేళ్లతో పోవచ్చు, ప్రాణంతో పోవచ్చు, జైలుతో పోవచ్చు. వీడియోలో కనబడేది వేరే దేశం, వేరే చట్టం, ఏళ్ల తరబడి నేర్చుకున్న చేయి. ఇంట్లో అలాంటి తుపాకీ ఉంటే పెద్దలతో మాట్లాడి చట్టప్రకారం అప్పగించే దారి చూడండి.

రాజుగారి కథలో మనం చేతిలోకి తీసుకోగలిగింది ఇంకొకటి ఉంది. చింతపల్లి ఠాణాలో తుపాకులు తీసుకున్నాక ఆయన కలం పట్టి లెక్క రాశారు, సంతకం చేశారు. దొంగలం కాదు, లెక్క చెప్పి తీసుకుంటున్నాం అన్నట్టు. ఆనాడు పోడు కోసం తుపాకీ పట్టాల్సి వచ్చింది. ఈనాడు అదే పోడుకు 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు అడగవచ్చు. ఆ దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలో. మన ఊరి హద్దులు, మన తాతలు సాగు చేసిన గుర్తులు మనకే తెలుసు. ఆ సరుకు ఏ సర్కారు గిడ్డంగిలోనూ లేదు, మన ఊళ్లోనే ఉంది. దాన్ని కాగితం మీద పెట్టగలిగే పిల్లలు ఊరికి ఇద్దరున్నా చాలు.

ఈ వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ తాతను, అవ్వను కూర్చోబెట్టి అడగండి. రాజుగారి దళం మన ఊరి మీదుగా వెళ్లిందా, ఎవరు గంజి పోశారు, ఎవరు దారి చూపారు అని. విన్నది నోటుపుస్తకంలో రాయండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ వేయండి. కింద మీ సంతకం పెట్టండి.

ఆ కుర్రాడు ఇప్పుడు పదో తరగతికి వచ్చాడు. వచ్చే నాటకంలో తనకు మల్లుదొర వేషం కావాలని ముందే చెప్పి ఉంచాడు.